ఇంటర్ తరువాత ఒక ఏడాది ఆగాలనుకుంటే కళాశాల దరఖాస్తులను ఎలా చేసుకోవాలి

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల, నిజామాబాద్ వంటి పట్టణాల్లో ఇంటర్ ద్వితీయ సంవత్సరం చదువుతున్నవారిలో కొందరు పరీక్షలు ముగిసిన వెంటనే డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరకుండా ఒక సంవత్సరం ఆగాలని నిర్ణయించుకుంటారు. కొందరు లాంగ్‌టర్మ్ కోచింగ్ కోసం ఆగుతారు. కొందరు ఇంట్లో అనారోగ్యం వల్ల, కొందరు పత్తి గానీ మిర్చి గానీ దెబ్బతిని ఆ ఏటి ఫీజుకు డబ్బు సర్దుబాటు కాక ఆగవలసివస్తుంది. ఒక పని నేర్చుకోవాలనో, ఆటలో ముందుకు పోవాలనో, విదేశీ చదువుకు సిద్ధపడాలనో ఇష్టపూర్వకంగా ఆగేవారూ ఉంటారు. కారణం ఏదైనా, చేరడం వాయిదా వేసినంత మాత్రాన దరఖాస్తు పనిని కూడా వాయిదా వేయకూడదని నా గట్టి అభిప్రాయం. "ఈ ఏడు చేరేది లేదు కదా, ఇప్పుడు దరఖాస్తుతో ఏం పని" అని ఊరుకున్నవారికే మరుసటి వేసవిలో చిక్కులు ఎక్కువ. కళాశాలతో సంబంధం తెగకముందే చేయవలసిన పనులను వరుసగా కింద వివరిస్తున్నాను.

మొదటి పని: ఏ అవకాశం నిలిచి ఉంటుందో, ఏది నిలవదో తేల్చుకోవాలి

మన దేశంలో ఇంటర్ తరువాతి ప్రవేశాల్లో ఈ ఏడాది వచ్చిన సీటును వచ్చే ఏడాదికి నిలిపి ఉంచే ఏర్పాటు సాధారణంగా లేదు. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకు ఆ ఏటి కౌన్సెలింగ్‌కే పనికివస్తుంది. మన దేశంలోని ఎంబీబీఎస్ ప్రవేశాలకు నీట్ ర్యాంకు, ఐఐటీలకు, ఎన్‌ఐటీలకు జేఈఈ ర్యాంకు కూడా అంతే. కాకతీయ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల పరిధిలోని డిగ్రీ కళాశాలల్లో దోస్త్ అనే ఉమ్మడి ఆన్‌లైన్ ప్రవేశ విధానం ద్వారా సీటు వచ్చినా, గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే, అంటే ఆ సీటుకు అంగీకారం తెలపకపోతే, ఆ సీటు మీ చేతిలో ఉండదు. కనుక మీరు అడగవలసిన అసలు ప్రశ్న సీటు ఆగుతుందా అన్నది కాదు. ఏడాది ఆగితే మళ్లీ పరీక్ష రాయడానికి, మళ్లీ దరఖాస్తు పెట్టడానికి అర్హత మిగులుతుందా అన్నది. ఈ విషయంలో ఒక్కో పరీక్షకు ఒక్కో నియమం ఉంది.

జేఈఈ మెయిన్‌ను ఇంటర్ పూర్తిచేసిన సంవత్సరంలోను, ఆ తరువాతి రెండు సంవత్సరాల్లోను రాయవచ్చు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు మాత్రం వరుసగా రెండు సంవత్సరాలే అవకాశం ఉంటుంది. అంటే 2026లో ఇంటర్ పరీక్షలు మొదటిసారి రాసిన విద్యార్థి మెయిన్‌ను 2026, 2027, 2028లలో రాయగలుగుతారు గానీ, అడ్వాన్స్‌డ్‌ను 2026, 2027లలో మాత్రమే రాయగలుగుతారు. ఇక్కడ చాలామంది పొరబడుతుంటారు. మొదటి ఏడాది అడ్వాన్స్‌డ్ రాయకుండా ఊరుకుంటే రెండు అవకాశాలూ తరువాతికి మిగులుతాయని అనుకుంటారు. ఈ లెక్క మీరు రాసిన పరీక్షలను బట్టి మాత్రమే సాగదు, ఇంటర్ పరీక్షలు మొదటిసారి రాసిన సంవత్సరాన్ని బట్టి కూడా సాగుతుంది. రాయకుండా వదిలిన అవకాశం వదిలినట్టే పోతుంది. మరొక ముఖ్యమైన నియమం కూడా ఉంది. ఐఐటీలు, ఎన్‌ఐటీల సీట్లను ఉమ్మడిగా కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో ఐఐటీ సీటును అంగీకరించి ఆన్‌లైన్‌లో రిపోర్టు చేసినవారు, గడువులోగా దానిని ఉపసంహరించుకోకపోతే, మరుసటి ఏడాది అడ్వాన్స్‌డ్ రాయడానికి అనర్హులవుతారు. ఇంకా మంచి శాఖ కోసం ఏడాది ఆగుదామనుకునేవారు సీటు అంగీకరించే బటన్ నొక్కేముందే ఈ సంగతి ఇంట్లోవారితో కూర్చుని తేల్చుకోవాలి.

ఎన్‌ఐటీల్లో చేరాలంటే ర్యాంకు ఒక్కటే సరిపోదు. ఇంటర్‌లో 75 శాతం మార్కులు గానీ, బోర్డు పరీక్ష రాసినవారిలో మొదటి 20 పర్సెంటైల్‌లో స్థానం గానీ ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ మార్కుల పరిమితి 65 శాతం. మార్కులు ఆ గీతకు కొద్దిగా కింద ఉన్నవారు కోచింగ్‌లో చేరి ఏడాది ఖర్చుపెట్టేముందు, ఇంటర్ బోర్డు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో ఇచ్చే ఇంప్రూవ్‌మెంట్ అవకాశాన్ని ఉపయోగించుకోవడం మేలు. ర్యాంకు వచ్చి మార్కుల దగ్గర ఆగిపోవడం కంటే బాధాకరమైనది లేదు.

నీట్‌కు ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి ఇప్పుడు లేదు, గరిష్ఠ వయసు పరిమితీ లేదు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండి ఉండాలి. అయితే కౌన్సెలింగ్ చివరి విడతల్లో సీటు తీసుకుని చేరకపోతే డిపాజిట్ పోతుంది, తదుపరి పరీక్షకు అనర్హత కూడా ఎదురుకావచ్చు. ఏడాది ఆగాలని ముందే నిశ్చయించుకున్నవారు ఆ విడతల్లో ఆప్షన్లు పెట్టకపోవడమే మంచిది. ఎప్‌సెట్‌లో ఇంటర్ మార్కులకు గతంలో ఉన్న 25 శాతం వెయిటేజీని ఎత్తివేశారు కనుక, ఆగిన ఏడాది తరువాత రాసినా ర్యాంకు పూర్తిగా ఆ పరీక్ష మీదనే ఆధారపడుతుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ములుగులోని సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వంటివి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ స్కోరుతో డిగ్రీ స్థాయి ప్రవేశాలు కల్పిస్తున్నాయి. ఆ పరీక్షకు వయోపరిమితి లేదు, ముందు సంవత్సరాల్లో ఇంటర్ పూర్తిచేసినవారూ రాయవచ్చు.

స్థానికత గురించి తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. కోచింగ్ కోసం ఆ ఏడాది విజయవాడకో కోటాకో పోతే తెలంగాణ స్థానికత పోతుందేమోనన్నది వారి భయం. స్థానికతను నిర్ణయించేది ఇంటర్ పరీక్ష వరకు వరుసగా చదివిన నాలుగు సంవత్సరాలు. ఇంటర్ పూర్తయిన తరువాత కోచింగ్ ఎక్కడ తీసుకున్నా అది ఆ లెక్కలోకి రాదు. వరంగల్ ఎన్‌ఐటీలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి ఉంటాయి. అక్కడ కూడా పన్నెండో తరగతి మొదటిసారి ఏ రాష్ట్రం నుంచి ఉత్తీర్ణులయ్యారన్నదే చూస్తారు.

రెండో పని: ఆగదలచినా ఈ ఏడాది దరఖాస్తు చేయాలి

ఇంటర్ చదువుతున్న ఏడాదిలోనే మీకు వీలైన పరీక్షలన్నీ రాయాలి. ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది, మీరు ఎక్కడ నిలబడ్డారో కచ్చితంగా తెలుస్తుంది; ఆ సంఖ్య లేకుండా లాంగ్‌టర్మ్‌కు పోతే ఎంత పెరగాలో తెలియకుండానే చదువుతారు. రెండోది, ఇంటి పరిస్థితులు మారవచ్చు. జూన్‌లో ఆగాలనుకున్నవారు ఆగస్టులో చేరాలనుకోవచ్చు. చేతిలో ర్యాంకు ఉంటే ఆ దారి మూసుకుపోదు.

దోస్త్ విషయంలోనూ ఇదే చేయండి. మొదటి విడత నమోదు రుసుము కొన్నేళ్లుగా 200 రూపాయలుగా ఉంది. హనుమకొండలోని ప్రభుత్వ కళాశాలలో మీకు కావలసిన కాంబినేషన్ మీ మార్కులకు వస్తుందా రాదా అన్నది ఆ కేటాయింపు చూస్తే అర్థమవుతుంది. చేరదలచుకోకపోతే రిపోర్టింగ్ చేయకండి; ఆ సీటు తరువాతి విడతలో మరొకరికి దక్కుతుంది, ఎవరికీ నష్టం ఉండదు.

ఇక్కడ ఒక అలవాటు గురించి హెచ్చరించాలి. ఏడాది ఖాళీగా ఉన్నట్టు కనిపించకూడదని పేరుకు ఏదో ఒక డిగ్రీ కళాశాలలో చేరి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టి, కోచింగ్ సెంటర్‌లో కూర్చునేవారు మన ప్రాంతంలో తక్కువేమీ లేరు. మరుసటి ఏడాది ఇంజినీరింగ్ సీటు వచ్చినప్పుడు మూడు చిక్కులు ఒకేసారి ఎదురవుతాయి. టీసీ ఆ డిగ్రీ కళాశాలలో ఉండిపోతుంది. మిగిలిన సంవత్సరాల ఫీజు కూడా కట్టమని అడిగే యాజమాన్యాలు ఉన్నాయి. ఒకే స్థాయి కోర్సుకు రెండోసారి ఉపకార వేతనం కోరినప్పుడు ప్రభుత్వ ఉపకార వేతనాల వెబ్‌సైట్ అయిన ఈపాస్‌లో అభ్యంతరం వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదనే చదువు ఆధారపడిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. అలా చేరక తప్పని పరిస్థితి ఉంటే, చేరేముందే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికి పోయి మీ పరిస్థితి చెప్పి, ఏ షరతులు వర్తిస్తాయో అడిగి తెలుసుకోండి.

చేరిన తరువాత మనసు మారినవారికి ఒక రక్షణ ఉంది. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను కళాశాలలు తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టం చేసింది. ప్రవేశం రద్దు చేసుకున్నవారికి ఫీజు తిరిగి చెల్లించాలని కూడా ఏటా ఆదేశిస్తున్నది. ఉదాహరణకు 2024-25 విద్యా సంవత్సరంలో సెప్టెంబర్ 30లోపు రద్దు చేసుకుంటే పూర్తి ఫీజు, అక్టోబర్ 31లోపు అయితే వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించుకుని మిగిలినది తిరిగి ఇవ్వాలని చెప్పింది. మీరు చేరే ఏడాదికి వర్తించే తేదీలను చూసుకుని, రద్దు కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, దాని మీద తేదీతో సహా రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి వస్తే మీరు ఎప్పుడు అడిగారన్నదానికి ఆధారం ఉండదు.

మూడో పని: జూనియర్ కళాశాల వదిలేముందు కాగితాలన్నీ తెచ్చుకోవాలి

ఏడాది ఆగేవారికి అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడే పని ఇదే. మే, జూన్ నెలల్లో మిమ్మల్ని ఎరిగిన అధ్యాపకులు, గుమస్తాలు కళాశాలలోనే ఉంటారు. సంవత్సరం గడిచేసరికి ప్రైవేటు కళాశాలల్లో అధ్యాపకులు మారిపోతారు, కొన్నిచోట్ల బ్రాంచీలే మూతపడతాయి. భూపాలపల్లి నుంచో ఏటూరునాగారం నుంచో ఒక్క సంతకం కోసం హనుమకొండకు పదిసార్లు తిరగడం ఎంత కష్టమో ఆ బస్సు ప్రయాణం చేసినవారికి తెలుసు.

పదో తరగతి మెమో, ఇంటర్ మార్కుల మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు చేతికి తెచ్చుకోండి. ఫలితాల తరువాత ఆన్‌లైన్‌లో వచ్చే షార్ట్ మెమోతో సరిపెట్టుకోకుండా, బోర్డు పంపే అసలు మెమో కళాశాలకు వచ్చిందో లేదో అడిగి తీసుకోండి. ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకు పోయే ఆలోచన ఉంటే ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. అన్నిటినీ స్కాన్ చేసి ఫోన్‌లో ఒకచోట, ఈమెయిల్‌లో ఒకచోట ఉంచుకోండి. డిజిలాకర్‌లో లభించేవాటిని అక్కడ కూడా భద్రపరచుకోండి.

పేర్ల విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరం మాత్రమే ఉండటం, తండ్రి పేరు ఒకచోట ఒక విధంగా, మరొకచోట మరొక విధంగా ఉండటం మన ఇళ్లలో సర్వసాధారణం. ఇలాంటి తేడాలు కౌన్సెలింగ్‌లో ఒక పూట ఆలస్యానికి కారణమైతే, పాస్‌పోర్టు, వీసా పనుల్లో నెలల ఆలస్యానికి కారణమవుతాయి. పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవాటిని దానికి సరిపోయేలా మార్చుకోవడానికి ఆగిన ఏడాది మంచి సమయం. ఆధార్‌కు అనుసంధానమైన ఫోన్ నంబరును ఆ ఏడాదంతా పనిచేసేలా ఉంచుకోండి. దోస్త్ నమోదు ఆ నంబరుకు వచ్చే ఓటీపీతోనే మొదలవుతుంది.

అధ్యాపకుల సిఫారసు లేఖలు మన దేశంలోని ప్రవేశాలకు అంతగా అవసరం లేకపోయినా, విదేశాలకు తప్పనిసరి. మీకు పాఠం చెప్పిన ఇద్దరిని ఇప్పుడే అడిగి, వారి సొంత ఫోన్ నంబరు, ఈమెయిల్ రాసిపెట్టుకోండి.

నాలుగో పని: విదేశీ విశ్వవిద్యాలయాలకైతే ప్రవేశాన్ని వాయిదా వేయించుకోవాలి

మన దేశంలో లేని వెసులుబాటు ఇక్కడ ఉంది. బ్రిటన్‌లో డిగ్రీ ప్రవేశాలకు యూకాస్ అనే ఉమ్మడి వేదిక ద్వారా దరఖాస్తు చేస్తారు. గరిష్ఠంగా ఐదు కోర్సులు ఎంచుకోవచ్చు. ఆ ఎంపికలోనే చేరే సంవత్సరాన్ని ఒక ఏడాది ముందుకు జరిపి అడగవచ్చు. ఇంటర్ ద్వితీయ సంవత్సరం చదువుతూనే దరఖాస్తు చేస్తే, ఫలితాలు వచ్చాక మీ స్థానం ఖాయమవుతుంది, చేరేది ఆపై ఏడాది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు, వైద్యవిద్యకు అక్టోబర్ 15, మిగిలిన చాలా కోర్సులకు జనవరి మధ్యలో గడువు ఉంటుంది. షరతులతో కూడిన ప్రవేశం వస్తే, చేరేది మరుసటి ఏడాదే అయినా, మార్కుల షరతులను సాధారణంగా దరఖాస్తు చేసిన ఏడాది ఆగస్టు నెలాఖరులోగా పూర్తిచేయాలి. దరఖాస్తుకు ముందే విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాసి రెండు విషయాలు అడగండి: మన ఇంటర్‌ను నేరుగా అంగీకరిస్తారా లేక ఫౌండేషన్ సంవత్సరం చదవాలా, ఆ శాఖలో ప్రవేశం వాయిదాకు ఒప్పుకుంటారా. గణితం వంటి కొన్ని శాఖలు మధ్యలో విరామాన్ని అంతగా ఇష్టపడవు.

అమెరికాలో పద్ధతి కొంత వేరు. అక్కడ అందరితోపాటు మామూలుగా దరఖాస్తు చేసి, ప్రవేశం వచ్చి, అంగీకారం తెలిపి, అడ్వాన్సు కట్టిన తరువాత వాయిదా కోరుతూ లేఖ రాస్తారు. ఆ ఏడాది ఏం చేయబోతున్నారో అందులో స్పష్టంగా చెప్పాలి. హార్వర్డ్ వంటి విశ్వవిద్యాలయాలు ప్రవేశం పొందినవారిని ఒక ఏడాది ఆగి రమ్మని ప్రోత్సహిస్తాయి కూడా. కానీ వాయిదా ఏడాదిలో మరొక కళాశాలలో డిగ్రీ కోర్సులో చేరకూడదని చాలా విశ్వవిద్యాలయాలు షరతు పెడతాయి. ఇక్కడ పేరుకు డిగ్రీలో చేరితే అక్కడి ప్రవేశం ప్రమాదంలో పడుతుంది. ప్రకటించిన స్కాలర్‌షిప్ మరుసటి ఏడాదికి కూడా వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రాన్ని కొత్త తేదీలతో మళ్లీ తీసుకోవాలి.

గడువు తీరే కాగితాలను ముందే లెక్కవేసుకోండి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ ఫలితాలు రెండు సంవత్సరాలే చెల్లుతాయి; ఇంటర్ మొదటి ఏడాదిలో రాసినవి చేరే సమయానికి పనికిరాకపోవచ్చు. బ్రిటన్ వీసాకు కోర్సు మొదలయ్యే ఆరు నెలలకు ముందు దరఖాస్తు చేయలేరు. ఆ వీసాకు కావలసిన టీబీ పరీక్ష ధ్రువపత్రం ఆరు నెలలే చెల్లుతుంది. ఆ వీసాకే బ్యాంకు ఖాతాలో చూపవలసిన మొత్తం వరుసగా 28 రోజులు నిలిచి ఉండాలి. ఫీజు కూడా ప్రవేశం వచ్చిన ఏటిది కాకుండా చేరే ఏటిదే వర్తించే అవకాశం ఎక్కువ కనుక, బ్యాంకు రుణం అంచనాను ఆ మేరకు పెంచుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే 20 లక్షల రూపాయల విదేశీ విద్యానిధి పీజీ, ఆపై చదువులకు ఉద్దేశించినది. ఇంటర్ తరువాతి డిగ్రీకి దాని మీద ఆశ పెట్టుకుని అప్పు చేయకండి.

కన్సల్టెన్సీ ద్వారా దరఖాస్తు చేసేవారు ఈమెయిల్ ఖాతా, పాస్‌వర్డ్ తమ చేతిలోనే ఉంచుకోవాలి. వాయిదాకు ఒప్పుకున్నట్టు విశ్వవిద్యాలయం నుంచి మీ ఈమెయిల్‌కే లేఖ రావాలి. అసలు ధ్రువపత్రాలను ఏ కార్యాలయంలోనూ వదిలిరాకండి.

ఐదో పని: ఆగిన ఏడాదికి ఆధారాలు ఉంచుకోవాలి

పనిచేస్తే జీతం బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి, మానేసేటప్పుడు అనుభవ పత్రం అడగండి. కోచింగ్ తీసుకుంటే ఫీజు రసీదులు దాచండి. ఇంట్లో ఎవరినైనా చూసుకోవడానికి ఆగితే ఆసుపత్రి కాగితాల నకళ్లు చాలు. డబ్బు తీసుకుని ఇచ్చే సేవా ధ్రువపత్రాల జోలికి పోవద్దు. ఇంట్లో చదువు సాగనివారికి హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి గ్రంథాలయాలు ఉన్నాయి. రోజూ ఒకే వేళకు బయటికి పోయి చదివి రావడం ఏడాదికి ఒక క్రమాన్ని ఇస్తుంది. తోటివారు కళాశాలల్లో చేరి ఫొటోలు పెడుతుంటే, చుట్టాలు "ఇంకా ఇంట్లోనే ఉన్నడా" అని అడుగుతుంటే మనసు కుంగడం సహజం. ఆ బరువు ఎక్కువైతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. తల్లిదండ్రులు చేయవలసినది కూడా ఒకటుంది: ఆగడం అందరూ కలిసి తీసుకున్న నిర్ణయమని చుట్టాల ముందు వారే చెప్పాలి.

ఆరో పని: రెండోసారి దరఖాస్తు

కళాశాలలో ఉన్నప్పుడు గడువులను ప్రిన్సిపల్ గుర్తుచేస్తారు. ఇప్పుడు ఎవరూ చెప్పరు. జేఈఈ మెయిన్ జనవరి, ఏప్రిల్ నెలల్లో రెండు విడతలుగా జరుగుతుంది. మొదటి విడత దరఖాస్తులు ముందు ఏడాది చివరి నెలల్లోనే వస్తాయి. అందువల్ల అక్టోబర్ నుంచి వారానికి ఒకసారి, జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌ను, ఫిబ్రవరి నుంచి ఎప్‌సెట్ వెబ్‌సైట్‌ను, ఇంటర్ ఫలితాల సమయం నుంచి దోస్త్ వెబ్‌సైట్‌ను చూడటం అలవాటు చేసుకోండి. దరఖాస్తులో ఇంటర్ ఈ ఏడాది రాస్తున్నట్టు కాకుండా ఉత్తీర్ణులైనట్టు ఎంచుకుని, ఉత్తీర్ణత సంవత్సరం, హాల్‌టికెట్ నంబరు అసలు మెమో చూసి నింపండి.

కుల ధ్రువీకరణ పత్రం పాతది పనికివచ్చినా, ఆదాయ పత్రాన్ని కొత్తగా తీసుకోవాలి. జోసా కౌన్సెలింగ్‌కు ఈడబ్ల్యూఎస్, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 లేదా ఆ తరువాత జారీ అయినవై ఉండాలి. ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలో దరఖాస్తు పెడితే ఫలితాల నాటికి తహసీల్దార్ కార్యాలయంలో రద్దీ పెరగకముందే పత్రం చేతికి వస్తుంది.

చేరే సమయంలో కొన్ని కళాశాలలు గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతాయి. ఇది ఏ కార్యాలయమూ జారీ చేసేది కాదు. స్టాంపు కాగితం మీద మీరే ప్రమాణం చేసి నోటరీ చేయించుకునే అఫిడవిట్. ఇంటర్ ఎప్పుడు పూర్తిచేశారు, ఏ నెల నుంచి ఏ నెల వరకు చదువు ఆపారు, ఎందుకు ఆపారు, ఆ వ్యవధిలో మరే కోర్సులోనూ చేరలేదు, ఏ కేసులోనూ లేరు అన్న సంగతులు అందులో ఉంటే సరిపోతుంది. మధ్యలో ఎక్కడైనా చేరి మానేసి ఉంటే, చేరలేదని రాయకండి. ఆ కళాశాల పేరు, మానేసిన తేదీ రాసి టీసీ జతచేయండి. ఇంటర్వ్యూలో గానీ వీసా అధికారి ముందు గానీ ఆ ఏడాది గురించి అడిగితే అఫిడవిట్‌లో ఉన్న మాటలే రెండు మూడు వాక్యాల్లో చెప్పి, దాచుకున్న రసీదులు, అనుభవ పత్రాలు చూపండి.